యూదుల చరిత్రను మైనర్‌గా తీసుకోవాలనుకుంటే

“కంప్యూటర్ సైన్స్ చదవరా అని పంపిస్తే మధ్యలో ఈ యూదుల చరిత్ర ఏమిట్రా?” నాన్న వేసే మొదటి ప్రశ్న ఇదే. అమ్మ ఇంకా సూటిగా అడుగుతుంది: “దానివల్ల ఉద్యోగమేమైనా వస్తుందా?” అమ్మ ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పేస్తాను. రాదు. మైనర్ ఒక్కటీ చూసి పిలిచి ఉద్యోగమిచ్చే కంపెనీ ఎక్కడా ఉండదు. నాన్న ప్రశ్నకు మాత్రం మీ దగ్గర జవాబుండాలి. అది లేకుండా ఫారం నింపేసినవాళ్లు సగం దారిలో నీరసపడి వదిలేస్తారు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో రెండు మూడు తెగిన కోర్సులు మిగులుతాయి.

మైనర్ ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి ఇన్ని సబ్జెక్టులుండగా దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఇందులో ఎంచుకోవడమే అసలు పని. మూడు వేల ఏళ్ల చరిత్ర. హెబ్రూ, అరామిక్, యిడ్డిష్, లాడినో, హెబ్రూ లిపిలో రాసిన అరబిక్. బాబిలోనియా నుంచి బ్రూక్లిన్ దాకా, మధ్యలో మన కొచ్చి కూడా. ఇదంతా ఆరు కోర్సుల్లో పడుతుందా? పట్టదు. పట్టించబోయినవాడికి ఏదీ మిగలదు. ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట ఆరు కోర్సులు నడిచినవాడికి మాత్రం డిగ్రీలో మరెక్కడా దొరకని పనితనం అబ్బుతుంది.

ముందు లెక్కలు

అమెరికాలో డిగ్రీ అంటే సాధారణంగా 120 క్రెడిట్లు. అందులో మైనర్‌కు పోయేవి పదిహేను నుంచి ఇరవై చిల్లర, అంటే అయిదారు కోర్సులు. పరిచయ కోర్సు ఒకటి తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం. భాషా కోర్సు లెక్కలోకి వస్తుందో రాదో ఒక్కోచోట ఒక్కో రకం. ఒకే కోర్సును మేజర్‌కూ మైనర్‌కూ కలిపి చూపించుకోవచ్చా, ఎన్నింటిని చూపించుకోవచ్చు అన్నది కూడా అంతే. ఇవి అడ్వైజర్‌ను అడిగితే పది నిమిషాల్లో తేలిపోతాయి.

ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లకు ఒక హెచ్చరిక. చదువయ్యాక ఓపీటీ కింద చేసే పని మేజర్‌కు సంబంధించినదై ఉండాలి. స్టెమ్ పొడిగింపు లెక్కలోకి మైనర్ రాదు. మైనర్ పూర్తి కాలేదు కాబట్టి ఐ-20 గడువు ఇంకో సెమిస్టర్ పెంచుతారన్న భరోసాతో ఎవరూ ఉండకండి. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందే అడగండి. అన్ని కోర్సులూ మామూలు ఎనిమిది సెమిస్టర్లలోనే ఇమిడేలా కాగితం మీద వేసుకున్నాకే అడుగు వేయండి.

ఇంకో సంగతి చూసుకోండి. మీ విశ్వవిద్యాలయంలో ఈ మైనర్ ఏ విభాగం నీడలో ఉంది? మత అధ్యయన విభాగంలో ఉంటే గ్రంథాలు, వ్యాఖ్యానాలు ఎక్కువ. చరిత్ర విభాగంలో ఉంటే పత్రాలు, వలసలు, చట్టాలు. పశ్చిమాసియా అధ్యయనాల్లో ఉంటే భాషలు. కరపత్రంలో రాసినదానికంటే గత రెండేళ్లలో నిజంగా నడిచిన కోర్సుల జాబితా చూడండి. కాగితం మీద నలభై కోర్సులుండి సెమిస్టర్‌కు నాలుగే నడిపే చోట్లున్నాయి.

దీనికోసమైతే వద్దు

మనవాళ్లు ఈ సబ్జెక్టు వైపు రావడానికి సాధారణంగా మూడు దారులు. ఒకటి చర్చి. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో అబ్రాహాము, మోషే, దావీదు కథలు విన్న పిల్లలకు ఇది సొంతూరు లాంటి సబ్జెక్టు అనిపిస్తుంది. మంచిదే, కానీ మొదటి నెలలోనే ఒక కుదుపు ఉంటుంది. మీరు చదివిన పాత నిబంధన మలాకీ గ్రంథంతో, ఏలీయా వస్తాడన్న వాగ్దానంతో ముగుస్తుంది. యూదుల బైబిల్‌లో ఉన్నవీ ఆ గ్రంథాలే, కానీ వరుస వేరు. అది దినవృత్తాంతములతో, పారశీక రాజు కోరెషు చెరలో ఉన్నవారిని యెరూషలేముకు వెళ్లమని చెప్పడంతో ముగుస్తుంది. మొదటి వరుస రాబోయేవాడి కోసం ఎదురుచూడమంటుంది, రెండోది ఇంటికి నడవమంటుంది. వరుస మారేసరికి కథే మారిపోయింది. ఈ తేడా ఆసక్తిగా అనిపిస్తే రండి. విశ్వాసానికి దెబ్బ అనిపిస్తే ఈ తరగతి మీకు కష్టంగా ఉంటుంది.

రెండో దారి ఆరాధన. “యూదులు మహా తెలివైనవాళ్లండీ, ఇన్ని నోబెల్ బహుమతులు వాళ్లవే, వ్యాపారమంటే వాళ్లదే” అనే వాట్సాప్ సందేశాలు మన బంధువుల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. పొగడ్తలా వినిపించినా ఇది మూస అభిప్రాయమే. “డబ్బంతా వాళ్ల చేతుల్లోనే ఉంది” అన్న పాత నింద దీనికి సొంత అన్న. ఒక జాతి మొత్తానికి ఒకే గుణం అంటగట్టే అలవాటు ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం. మన రైల్వే స్టేషన్ పుస్తకాల దుకాణాల్లో వ్యక్తిత్వ వికాస పుస్తకాల వరుసలోనే హిట్లర్ ఆత్మకథ కూడా కనిపిస్తుంది, నాయకత్వ లక్షణాల కోసమని కొనేవాళ్లూ ఉన్నారు. 

మూడోది రాజకీయం. ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవలో తనవైపు వాదనకు ఆయుధాలు ఏరుకుందామని వచ్చేవాళ్లు. రెండు వైపుల నుంచీ వస్తారు. వాళ్లకు ఈ మైనర్ నిరాశే మిగులుస్తుంది, ఎందుకంటే ఇందులో ఎక్కువ భాగం 1948కి ముందు జరిగినదే. ఆ గొడవే కావాలంటే చాలా చోట్ల ఇజ్రాయెల్ అధ్యయనాలు, పశ్చిమాసియా రాజకీయాలు విడిగా ఉన్నాయి.

మరి దేనికోసం రావాలి? ఈ సబ్జెక్టు ఎలా పుట్టిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1819లో బెర్లిన్‌లో కొందరు యూదు యువకులు ఒక సంఘం పెట్టుకున్నారు. లియోపోల్డ్ జుంజ్, ఎడ్వర్డ్ గాన్స్ అందులో ముఖ్యులు, కొన్నాళ్లకు కవి హైన్రిష్ హైనె కూడా చేరాడు. గ్రీకుల చరిత్రను, రోమన్ల చరిత్రను ఏ పద్ధతిలో చదువుతున్నారో అదే పద్ధతిలో తమ చరిత్రనూ చదవాలన్నది వాళ్ల పట్టు. యూదు మతగురువులైన రబ్బీలు చెప్పినట్టు కాదు, క్రైస్తవ మతపండితులు చెప్పినట్టూ కాదు. అయిదేళ్లకే సంఘం మూతపడింది. జుంజ్ మాత్రం జీవితాంతం ఆ పని చేశాడు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో దానికొక పీఠం కావాలని అడిగితే ఇవ్వలేదు. అంటే ఇది విశ్వవిద్యాలయం గేటు బయట నిలబడి, లోపలి పద్ధతులు నేర్చుకుని, తన గురించి తానే రాసుకున్నవాళ్ల విద్య. తమ చరిత్రను పాఠ్యపుస్తకాల్లో ఎవరో ఒక పేరాలో తేల్చేశారని బాధపడే ఏ సమాజం పిల్లలకైనా ఇందులో నేర్చుకోవలసింది ఉంది.

ఆరు కోర్సులు, నా వరుసలో

మొదటిది పరిచయ కోర్సు, దాని గురించి చెప్పేదేం లేదు. రెండోదే కీలకం. చాలామంది అక్కడే నేరుగా హోలోకాస్ట్ కోర్సులోకి వెళ్లిపోతారు. నన్నడిగితే అది నాలుగోదో అయిదోదో కావాలి.

ఎందుకో సాలో బారన్ మాటగా చెబుతాను. గలీసియా ప్రాంతంలోని టార్నోవ్‌లో 1895లో పుట్టిన ఈయన 1930లో కొలంబియా విశ్వవిద్యాలయంలో యూదు చరిత్ర పీఠాన్ని అధిష్ఠించారు. అంతకు రెండేళ్ల ముందు రాసిన ఒక వ్యాసంలో, యూదుల చరిత్రంటే కన్నీళ్ల చరిత్రేనని రాసుకుంటూ పోవడాన్ని ఆయన తప్పుపట్టారు. హింస, బహిష్కారం, హత్యలు జరిగాయి. కానీ వాటి మధ్య శతాబ్దాలపాటు మనుషులు పెళ్లిళ్లు చేసుకున్నారు, వ్యాపారాల్లో కొట్లాడుకున్నారు, పన్నుల మీద అర్జీలు పెట్టారు, పక్కింటి ముస్లింతోనో క్రైస్తవుడితోనో భాగస్వామ్యం కలిపారు. అదంతా వదిలేస్తే మిగిలేది చరిత్ర కాదన్నది ఆయన వాదం. ఆ తర్వాత ఆయన తల్లిదండ్రులనే నాజీలు చంపారు. 1961లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో ఆయన సాక్ష్యం చెప్పారు. అయినా తన వాదాన్ని వదులుకోలేదు. చనిపోయినవాళ్ల గురించి చదివే ముందు వాళ్లు ఎలా బతికారో చదవండి. అప్పుడే ఎంత పోయిందో తెలుస్తుంది.

కాబట్టి రెండో కోర్సు ప్రాచీన, మధ్యయుగాలది. క్రీ.పూ. 586లో యెరూషలేములోని మొదటి ఆలయం కూలింది, క్రీ.శ. 70లో రెండోది కూలింది. బలులు, అర్చకులు, గర్భగుడి అన్నీ పోయాక ఒక మతం పుస్తకం చుట్టూ తన్ను తాను తిరిగి ఎలా కట్టుకుందన్నది ప్రపంచ చరిత్రలోనే అరుదైన కథ. ఇక్కడ రబ్బీల చర్చల సంకలనమైన తల్మూద్ పేజీ ఒకటైనా చూడండి. నడుమ మూలం. ఒక పక్క పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని ట్రాయ్‌లో పుట్టిన రాషీ వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆ తర్వాతి తరాలవాళ్లు రాషీతో పడిన పేచీలు. మల్లినాథ సూరి వ్యాఖ్యానంతో కాళిదాసును చదివిన ఇంట్లోంచి వచ్చినవారికి ఈ పేజీ అంత కొత్తగా ఉండదు. తల్మూద్ మొత్తాన్ని ఈ తరహాలో మొదటిసారి అచ్చువేసింది 1520ల్లో వెనిస్‌లో డానియెల్ బోంబెర్గ్. ఆయన క్రైస్తవుడు.

ఈ గ్రంథాన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పైకి చదువుతూ, ఒకరి అర్థాన్ని ఇంకొకరు ఖండిస్తూ సాగుతారు. హవ్రూతా అంటారు. మీరూ తరగతిలో ఒక జత చూసుకోండి. మన కాలేజీల్లో నోట్సు పంచుకోవడం తెలుసు గానీ, చదివిన పేరా మీద స్నేహితుడితో అరగంట వాదించడం అలవాటు లేదు. ఈ మైనర్‌లో మేజర్ చదువుకు నేరుగా పనికొచ్చే అలవాటు ఏదైనా ఉందంటే ఇదే.

మూడో కోర్సు యూరప్ బయటిది కావాలని నా పట్టుదల. బాగ్దాద్, కైరో, యెమెన్, మొరాకో, ఇస్తాంబుల్, లేదా భారతదేశం. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదుల్లో చాలామందికి చోటిచ్చింది ఒట్టోమన్ సామ్రాజ్యం. కొచ్చిలో పరదేశి సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం కట్టింది 1568లో. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులను గానుగ పని చేస్తూ శనివారం సెలవు తీసుకునేవారు కాబట్టి శనివార తేలీలు అన్నారు. ఇంగ్లీషులో రాసిన భారతీయ కవుల్లో పేరున్న నిస్సిమ్ ఎజకియెల్ ఆ సమాజంవారే. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు ఏర్పాట్లు చూసిన జనరల్ జాకబ్ కలకత్తాకు చెందిన బాగ్దాదీ యూదు కుటుంబీకుడు. ఈ కోర్సు చదవకపోతే యూదులంటే పోలండ్, జర్మనీ, న్యూయార్క్ అనుకుని డిగ్రీ ముగిస్తారు.

తర్వాత ఆధునిక యుగం, హోలోకాస్ట్. 1939 నాటికి ప్రపంచంలో కోటీ అరవై లక్షలకు పైగా యూదులుండేవారు. అరవై లక్షలమందిని నాజీలు చంపారు. ఎనభై ఏళ్లు గడిచినా ఆ సమాజం మళ్లీ పాత సంఖ్యను అందుకోలేదు. ఈ కోర్సు తీసుకునే సెమిస్టర్‌లో మిగతా కోర్సులు తేలికవి పెట్టుకోండి, నిద్ర పాడవుతుంది. చదివేటప్పుడు హంతకుల పత్రాలకంటే హతుల పత్రాలకు ఎక్కువ సమయమివ్వండి. వార్సా ఘెట్టోలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు రహస్యంగా ఒక బృందాన్ని కూడగట్టి, రేషన్ కార్డుల నుంచి పిల్లల వ్యాసాల దాకా సేకరించి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో భూమిలో పాతిపెట్టించాడు. ఒక భాగం 1946లో, ఇంకొకటి 1950లో తవ్వి తీశారు. మూడోది ఇప్పటికీ దొరకలేదు. రింగెల్‌బ్లూమ్‌ను 1944లో చంపేశారు. చరిత్ర రాయడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఆ పాల క్యాన్ల సంగతే చెబుతాను.

ఇజ్రాయెల్ ఆవిర్భావం మీద కోర్సు తీసుకుంటే మూడు సంగతుల్నీ కలిపి చెప్పే ప్రొఫెసర్‌ను వెతుక్కోండి. 1948లో దేశం ఏర్పడటం, ఆ యుద్ధంలో సుమారు ఏడు లక్షలమంది పాలస్తీనియన్లు శరణార్థులు కావడం, తర్వాతి ఏళ్లలో ఇరాక్, యెమెన్, మొరాకోల నుంచి యూదులు లక్షల్లో తరలిపోవడం. సిలబస్‌లో వీటిలో ఏదో ఒకటే ఉంటే అది చరిత్ర కోర్సు కాదు. క్యాంపస్‌లో ఈ విషయం మీద ఇప్పుడు గాలి వేడిగా ఉంది. తరగతిలో అడగండి, వాదించండి. మీ వాదన దేని మీద నిలబడిందో పత్రం చూపించి మాట్లాడండి. పక్కన కూర్చున్న అమ్మాయి యూదురాలు కాబట్టి ఆ దేశం చేసే ప్రతి పనికీ ఆమె జవాబు చెప్పాలని మాత్రం ఆశించకండి. మన ప్రభుత్వాలు చేసినవాటికి మిమ్మల్ని నిలదీస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

భాష సంగతి. రెండేళ్లు కేటాయించగలిగితే ఆధునిక హెబ్రూ నేర్చుకోండి. ఇరవై రెండు అక్షరాలు, కుడి నుంచి ఎడమకు, అచ్చులు మామూలుగా రాయరు. ఉర్దూ చదవడం వచ్చిన హైదరాబాదీలకు సగం భయం ముందే పోతుంది. జర్మన్ వచ్చినవాళ్లకు యిడ్డిష్ త్వరగా పట్టుబడుతుంది, ఆ భాషలో రాసిన ఐజాక్ బాషెవిస్ సింగర్‌కు 1978లో నోబెల్ వచ్చింది కూడా. ఒక్క సెమిస్టరే ఉందంటే మాత్రం భాష జోలికి వెళ్లకండి. అక్షరాలు వస్తాయి, చదవడం రాదు, ఒక చరిత్ర కోర్సు పోతుంది.

తరగతి బయటా కొంత చదువుంది. శుక్రవారం సాయంత్రం హిల్లెల్ సంస్థ పెట్టే విందుకు ఎవరైనా వెళ్లవచ్చు, 1923లో ఇల్లినాయ్‌లో మొదలైన ఈ సంస్థ చాలా క్యాంపస్‌లలో ఉంది. సబ్బాతు సమయంలో ఫోన్ తీసి ఫోటోలు కొట్టకండి, నోట్సు రాసుకోకండి. సినగాగ్‌లో మగవాళ్లు తలమీద చిన్న టోపీ పెట్టుకుంటారు, గుమ్మం దగ్గరే ఇస్తారు. మన శాకాహారులకు ఒక వెసులుబాటు ఉంది: మాంసం, పాలు కలపకూడదన్నది వాళ్ల నియమం కాబట్టి పాల వంటకమని రాసి ఉన్న కోషర్ తిండిలో మాంసం ఉండదు. చేప, గుడ్డు ఉండొచ్చు, అది మాత్రం అడిగి తినండి.

చివరి పేపరు

మైనర్ మొత్తంలో మీకు మిగిలేది ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను. చాలా చోట్ల ఆఖరి సెమినార్‌లో ఇరవై, పాతిక పేజీల పరిశోధన వ్యాసం రాయిస్తారు. మన విద్యార్థులు ఎంచుకునే అంశాలు ఎలా ఉంటాయంటే, “యూదు మతం, హిందూ మతం: ఒక పోలిక.” దీని మీద పాతిక పేజీలు కాదు, పాతికేళ్లు రాసినా తేలదు. ఒక మనిషి, ఒక ఉత్తరం, ఒక భవనం, ఒక వ్యాజ్యం. అంతకుమించి పెద్దది పట్టుకోకండి.

ఎలాంటిదో చూపిస్తాను. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదని పాత కైరోలోని బెన్ ఎజ్రా సినగాగ్‌లో వాడిన కాగితాలన్నీ ఒక గదిలో వేసేవారు. క్రమంగా ఉత్తరాలు, పద్దులు, విడాకుల పత్రాలు, మందుల చీటీలు కూడా అందులోకి చేరాయి. 1896-97లో కేంబ్రిడ్జ్ పండితుడు సాలమన్ షెక్టర్ వాటిలో చాలా భాగాన్ని తరలించాడు. ఒక్క కేంబ్రిడ్జ్ గ్రంథాలయంలోనే లక్షా తొంభై వేలకు పైగా ముక్కలున్నాయి. గెనీజా పత్రాలని వాటికి పేరు. వాటిని దశాబ్దాలపాటు చదివిన చరిత్రకారుడు గోయిటైన్‌కు అందులో భారతదేశంతో వ్యాపారం చేసిన వర్తకుల ఉత్తరాలు కనిపించాయి.

ట్యునీషియాలోని మహ్దియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడు 1130ల నుంచి పదిహేడేళ్లదాకా మంగళూరు తీరంలో ఉన్నాడు. మిరియాలు, అల్లం, వక్కలు ఎగుమతి చేశాడు. ఇత్తడి, కంచు పాత్రల కార్ఖానా నడిపాడు. అషూ అనే బానిస స్త్రీకి 1132లో విముక్తి పత్రం రాసిచ్చాడు. బొమ్మ అనే స్థానిక సేవకుడు అతని తరఫున ఏడెన్ దాకా వెళ్లి వచ్చేవాడు. ఈ సేవకుడి ప్రస్తావనను ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు చూసిన అమితావ్ ఘోష్ దాని వెంట ఈజిప్టు దాకా వెళ్లి, ఆ ఉత్తరాల భాష నేర్చుకుని, 1992లో ‘ఇన్ యాన్ ఆంటిక్ లాండ్’ రాశాడు. అంతా ఒక పాదసూచికంత ప్రస్తావన నుంచి మొదలైంది. ఆ ఉత్తరాల ఇంగ్లీషు అనువాదాలు ఇప్పుడు పుస్తకంగా ఉన్నాయి, ప్రిన్స్‌టన్ గెనీజా ప్రాజెక్టులో వేల పత్రాలు ఉచితంగా చూడొచ్చు. అషూ విముక్తి పత్రం ఒక్కటి తీసుకుని, పన్నెండో శతాబ్దపు యూదు చట్టంలో దాని అర్థమేమిటో, ఆ తర్వాత ఆమె పిల్లల హోదా ఏమిటో రాస్తే అదొక వ్యాసం. యూదు తత్వవేత్త మైమొనిడీస్ తమ్ముడు దావీదు ఇదే సరుకుల దారిలో హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. బయలుదేరే ముందు ఎర్ర సముద్ర తీరం నుంచి అన్నకు రాసిన ఉత్తరం గెనీజాలోనే ఉంది. అదొక్కటీ ఇంకో వ్యాసం.

మన నేలకు దగ్గరగా కావాలంటే గోల్కొండ వజ్రాలున్నాయి. పదిహేడో శతాబ్దం చివర్లో లండన్ నుంచి వచ్చిన పోర్చుగీసు మూలాల యూదు వర్తకులు మద్రాసులో స్థిరపడి, మధ్యధరా పగడాలు ఇక్కడికి తెచ్చి వజ్రాలు అక్కడికి పంపారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులున్నారు. హైదరాబాద్ కావాలంటే సర్మద్ ఉన్నాడు. పర్షియాలోని కాషాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, ఫకీరుగా మారి, అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో హైదరాబాద్‌లో ఉన్నాడు. దబిస్తానె మజాహిబ్ అనే పారశీ గ్రంథకర్త ఆయన్ను 1647లో ఇక్కడే కలిసి, యూదు మతం మీద రాసిన అధ్యాయానికి సమాచారం ఆయన దగ్గరే తీసుకున్నాడు. ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో సర్మద్ తల తీశారు. ఆ గ్రంథం 1843లోనే ఇంగ్లీషులోకి వచ్చింది కాబట్టి పారశీ రాదన్న సాకు చెల్లదు.

ఇంకా దగ్గరిది, ఇంకా సున్నితమైనది, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం. అక్కడి బెనె ఎఫ్రాయిం సమాజం తెలుగు మాట్లాడే యూదులు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చి, బాప్టిస్టు క్రైస్తవంలో కొంతకాలం ఉండి, 1980ల చివర నుంచి తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకదానివారమని చెబుతూ యూదు ఆచారాలు పాటిస్తున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరి మీద ఒక పుస్తకం రాశారు. దాన్ని చదివాక కూడా “వాళ్లు అసలు యూదులేనా?” అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే మీరు దాన్ని సరిగా చదవలేదన్నమాట. ఒక కులం మీద మోపిన అవమానాన్ని ఒక సమాజం ఏ కథతో తిప్పికొట్టింది, ఆ కథ చెప్పుకున్నాక ఊళ్లో, యూదు ప్రపంచంలో వాళ్ల స్థానం ఏమైంది అన్నవి అసలు ప్రశ్నలు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు రికార్డర్ పట్టుకుని నేరుగా ఊళ్లోకి దిగకండి. మనుషుల్ని ఇంటర్వ్యూ చేయాలంటే మీ విశ్వవిద్యాలయపు నైతిక సమీక్ష కమిటీ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. ఆ ఊరివాళ్లు వచ్చేపోయే పరిశోధకులకు జవాబులు చెప్పే బాధ్యతేమీ నెత్తిన పెట్టుకోలేదు.

మేజర్‌తో ముడివేయడం కూడా ఇక్కడే. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు గెనీజా ఒక బంగారు గని. ప్రపంచంలోని వేర్వేరు గ్రంథాలయాల్లో చెల్లాచెదురైన చినిగిన ముక్కల్లో ఏది ఏ పేజీదో చేతిరాతను బట్టి, అంచులను బట్టి జతకలిపే అల్గోరిథంలు ఇప్పటికే రాశారు, ఆ పని ఇంకా మిగిలే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం నడిపిన ఒక ప్రాజెక్టులో హెబ్రూ రాని వాలంటీర్లు కూడా ముక్కల్ని వర్గీకరించారు. వైద్యం వైపు వెళ్లేవాళ్లు టే-శాక్స్ అనే వంశపారంపర్య వ్యాధి సంగతి చదవండి. 1971లో బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతంలో అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల) యూదులు రబ్బీల సహకారంతో వాహక పరీక్షలు మొదలుపెట్టాక ఆ సమాజంలో ఆ వ్యాధితో పుట్టే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. మేనరికాలు ఇంకా మానని మనకు ఆ కథ వేరే దేశానిది అనిపించదు.

ఇప్పుడు నాన్న ప్రశ్నకు వద్దాం. “నాన్నా, ఇందులో ఇష్టముంది” అంటే ఆయనకు చాలదు. “నాన్నా, మేజర్‌లో ఒక్క కోర్సూ తగ్గట్లేదు, ఫీజు పెరగట్లేదు, నాలుగేళ్లలోనే అయిపోతుంది. ఆఖర్న పాతిక పేజీల పరిశోధన నా పేరు మీద ఉంటుంది. ఇదిగో సెమిస్టర్లవారీగా కాగితం” అనండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను గానీ ఫోన్ మాత్రం పెట్టేయరు.

రోజుకు నలభై పేజీలు చదవడం పరమ విసుగు అనిపించేవాళ్లు, ఇప్పటికే మేజర్‌లో వెనకబడి ఉన్నవాళ్లు, రెజ్యుమెలో ఒక లైను కోసం చూసేవాళ్లు దీని జోలికి రాకండి. మిగతావాళ్లు మొదటి కోర్సు పూర్తిచేసి, ఆ ప్రొఫెసర్‌ను ఆఫీస్ అవర్స్‌లో కలిసి, మీ ప్రశ్న ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలిగాకే ఫారం ఇవ్వండి. దానికి గడువు ఎప్పటిదాకా ఉందో ముందే కనుక్కోండి.

ఒక మనవి. ఈ విషయం మీద తెలుగులో పత్రాలు చూసి రాసినవాళ్లు తక్కువ. మీ పాతిక పేజీల పేపరు పూర్తయ్యాక దాన్నే తెలుగులో ఎనిమిది పేజీలుగా మళ్లీ రాసి ఏదైనా పత్రికకు పంపండి.